పొయ్యి పద్యానికి టీకాతాత్పర్యం

పొయ్యి కొనకముందు పోయున దేదియో
యూరిచివరి కొట్టునొజ్జ నడుగు;
ఉడుకు వేగ మేల? యొదుగు సన్నని సెగ
యన్నమునకు దిక్కు యాత్రలందు.

అవతారిక

కొండమీద రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉండాలని బుద్ధిపుట్టిన ఒక గృహస్థు, పొయ్యి కొందామని పట్నంలో పెద్ద దుకాణానికి వెళ్లి, గోడకు వేలాడుతున్న రకాలు చూసేసరికి విషాదయోగంలో పడ్డాడు. గ్యాసుదా, స్పిరిటుదా, కిరసనాయిలుదా, పెట్రోలు కూడా తాగేదా, బిళ్లలదా? వాడి సందేహం తీర్చడానికి పుట్టింది ఈ ఆటవెలది. పద్యం నాదే, వ్యాఖ్యానమూ నాదే. మన మెదకు సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరికి ఈ సౌకర్యం లేదు. ఆయన వ్యాఖ్య మొదలుపెట్టేనాటికి కాళిదాసు ఎప్పుడో వెళ్లిపోయాడు. నా కవి ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు, ఏ అర్థం చెప్పినా తలూపుతాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం

పొయ్యి = వంట సాధనమును; కొనకముందు = డబ్బు చెల్లింపక మునుపే; పోయునది = అందులో పోయదగిన ఇంధనము; ఏదియో = ఏదన్న సంగతిని; ఊరిచివరి = బస్సు ఆగి నడక మొదలగు ఊరిలోని; కొట్టునొజ్జన్ = కిరాణాకొట్టు గురువును; అడుగు = ప్రశ్నింపుము; ఉడుకు వేగము = నీళ్లెంత త్వరగా కాగునన్న లెక్క; ఏల = ఎందులకు; ఒదుగు = చెప్పినట్టు వినునట్టి; సన్నని సెగ = చిన్నమంట; యాత్రలందు = ఇల్లు విడిచిన చోట్ల; అన్నమునకు = వరియన్నమునకు; దిక్కు = శరణ్యము.

కొట్టునొజ్జ: నుగాగమం. ఊకార ఒకారాలకు యతి చెల్లింది. పరీక్షల్లో అడుగుతారు.

టీక

పోయునది: ఇక్కడ నవ్యుల ఆక్షేపణ ఒకటుంది. గ్యాసును పోయరు, బిగిస్తారు. బిళ్లను పోయరు, పేరుస్తారు. కనుక కవి కిరసనాయిలు పక్షపాతి అని. కాదు, ఇది ఉపలక్షణం. కాకి ముట్టకుండా పెరుగు చూడమంటే పిల్లి తాగితే ఫర్వాలేదని కాదు గదా. పోసేది, బిగించేది, పేర్చేది అన్నీ ఇందులోకే వస్తాయి.

మన వంటిళ్లకు పాతకాపు గనుక ముందు కిరసనాయిలుకు దండం. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన వత్తితో పనిలేకుండా, నూనెను ఆవిరిచేసి మండించే ప్రిమస్ పొయ్యి తయారుచేశాడు. మన వంటిళ్లలో హోరుపెట్టిన పంపు స్టవ్వు దాని సంతానమే. ముట్టించే విధి: బర్నరు కింది గిన్నెలో కాస్త స్పిరిటు పోసి వెలిగించాలి. అది ఆరవచ్చే వేళకు గాలిమర బిగించి పంపు కొట్టాలి. గొట్టం బాగా కాలి ఉంటే నూనె ఆవిరై నీలిమంటగా బుసకొడుతుంది. ఆత్రపడి ముందే కొట్టామా, నూనె నూనెగానే పైకి చిమ్మి, పచ్చటి మంట లేచి కనుబొమలను పలకరిస్తుంది. నిపిల్లో మసి అడ్డుపడితే పిన్ను పెట్టాలి. సన్నని తీగ బిగించిన ఆ రేకుముక్క ఒకప్పుడు ప్రతి కిరాణాకొట్లోనూ దొరికేది.

ఈ పొయ్యికి ప్రాణం పంపులో ఉండే తోలు వాషరు. ఎండిపోతే గాలి పట్టదు. చుక్క నూనె వేస్తే మళ్లీ ఉబ్బి పనిలోకి దిగుతుంది. తోలు వాషరంటే ఎంత అనేవాళ్లకు దక్షిణధ్రువం సంగతి చెప్పాలి. 1912లో ధ్రువం నుంచి తిరిగివస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం, దారిపొడవునా ముందే దాచుకున్న డబ్బాలు తీసి చూస్తే కిరసనాయిలు ఉండవలసినంత లేదు. మూతల కింద తోలు వాషర్లు ఆ చలికి బిగువు తప్పాయి, నూనె ఎటో పోయింది. వారికన్నా ముందే ధ్రువం చేరిన అమండ్‌సెన్ తన డబ్బాలకు టంకం వేయించి పెట్టుకున్నాడు. అక్కడ నూనె లేకపోతే మంచు కరగదు, మంచు కరగకపోతే గుక్కెడు నీళ్లుండవు. స్కాట్ బృందం తిరిగి రాలేదు. అందుకు కారణాలు చాలా ఉన్నాయి గానీ, వాటి జాబితాలో వాషరుకూ చోటుంది.

కిరసనాయిలు చలికి లొంగదు, గాలికి బెదరదు. సియాచిన్‌లో మన సైనికుల గుడారాలను వెచ్చబెట్టినవి కిరసనాయిలు బుఖారీలే. దోషం వాసన. ఒక్క చుక్క అటుకుల సంచిలో పడిందా, ఆ పూట అందరికీ ఉపవాసమే. పైగా నీలంరంగు వేసిన రేషన్ కిరసనాయిలు మన ఊళ్లలో దాదాపు కనుమరుగైంది. పొయ్యి ఉండి నూనె లేనివాడి అవస్థ చూడకూడదు.

ఇక గ్యాసు. చిన్న డబ్బాలో ఉండేది ఇంట్లో బండకు దాయాదే: బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్. ఏ డబ్బాలో ఏది ఎంతుందో చూసి కొనాలి, ఎందుకంటే చలిలో వీటి ఓర్పు వేరు. మామూలు బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగితే చాలు, ఆవిరి కానని మొండికేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా తట్టుకుంటాయి. గ్యాసు బయటికి పోతున్నకొద్దీ డబ్బా తనంత తానే చల్లబడుతుంది కూడా. అందుకే బయట 5 డిగ్రీలున్నా లోపల సున్నాకు దిగుతుంది. డిసెంబరులో లంబసింగి మంచు చూడబోయి, తెల్లవారుజామున పొడుగు బ్యూటేన్ డబ్బాతో కాఫీ కాచబోతే మంట మూలుగుతూ నీరసపడేది ఇందుకే. రాత్రి డబ్బాను దుప్పట్లో పక్కన పడుకోబెట్టుకోవచ్చు, గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో నిలబెట్టవచ్చు. మంటకు మాత్రం చూపించరాదు.

డబ్బాలలో మూడు మతాలున్నాయి: మరబిగింపుది, పొడుగు ముక్కుది, గుచ్చి తెరిచేది. ఒక మతం పొయ్యికి ఇంకో మతం డబ్బా పట్టదు. మధ్యలో అడాప్టరు పెట్టి సమన్వయం చేసేవారున్నారు; వారిది విశిష్టాద్వైతం.

లెక్క కావాలనేవారికి లెక్క. 20 డిగ్రీల నీళ్లు లీటరు మరగడానికి సుమారు 335 కిలోజౌళ్ల వేడి కావాలి. పొయ్యి ఇచ్చేదాంట్లో సగం గాలిపాలు అనుకుంటే 15 గ్రాముల గ్యాసు ఖర్చు. అంటే 230 గ్రాముల డబ్బాకు 15 లీటర్లు. గాలికి అడ్డు పెట్టకపోయినా, గిన్నె మీద మూత మరిచినా ఈ లెక్క చెల్లదు.

స్పిరిటు పొయ్యికి మరలు లేవు, పిన్నులు లేవు, చెడిపోయే భాగమే లేదు. కానీ బరువుకు బరువు చూస్తే గ్యాసు ఇచ్చే వేడిలో సగం పైచిలుకే ఇస్తుంది. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. ఆరిందనుకుని సీసా వంచి పోశామా, నిప్పు సీసాలోకే నడిచి వస్తుంది. 1936 నుంచి ఎస్బిట్ పేరుతో జర్మన్లు అమ్ముతున్న హెక్సమిన్ బిళ్ల జేబులో పడుతుంది, గిన్నె అడుగున జిగట మసి పూస్తుంది. ఇంతకన్నా దాని గురించి రాయనక్కరలేదు.

కట్టెపుల్లలుండగా ఇవన్నీ ఎందుకని ప్రాచీనుల ప్రశ్న. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ తీసి చదవండి: అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయరాదు, రాజేసి వదిలిపోరాదు. నల్లమలలో మార్చి నెల ఎండుటాకు చూసినవారెవరూ ఈ సెక్షన్‌తో వాదించరు.

ఊరిచివరి కొట్టు: పట్నంలో కొట్టు వదిలి అక్కడికెందుకు? విమానంలో గ్యాసు డబ్బా చేతిసంచిలోనూ కుదరదు, లోపల వేసే పెట్టెలోనూ కుదరదు. రైల్లోనూ అంతే. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ కాసేపు హాస్యం ఆపుదాం. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, చాటుగా తెచ్చుకున్న సిలిండరు వల్ల నిప్పంటుకుని 9 మంది చనిపోయారు.

కాబట్టి హిమాలయాలకు వెళ్లేవారు ఇంధనం దిగినచోట కొనుక్కోవాలి. మనాలీలో, లేహ్ బజారులో మరబిగింపు డబ్బాలు దొరుకుతాయి. మన కొండల సంగతి వేరు. మారేడుమిల్లి వైపు కొట్టు ముందు నిలబడి "ఏవండీ, చిన్న గ్యాసు డబ్బా ఉందాండీ?" అని అడిగి చూడండి. ఒజ్జ ఎగాదిగా చూసి, "అంత చిన్నయ్యి రావండీ. అయిదు కిలోల బండుంది, పట్టుకెళ్తారా?" అంటాడు. నవ్వుకుని వచ్చేయకండి. నలుగురు కారులో వెళ్లి కారు పక్కనే గుడారం వేసుకునేవాళ్లకు దాన్ని మించింది లేదు. మోసుకు నడిచేవాళ్లు మాత్రం విశాఖలోనో హైదరాబాదులోనో డబ్బా కొని సొంత బండిలో తెచ్చుకోవాలి. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. గండికోటలో ఏప్రిల్ మధ్యాహ్నం అద్దాలు బిగించిన కారులో దాన్ని వదిలి కోట చూడబోయేవాడికి ఆ అక్షరాలు కనపడవు కాబోలు.

ఉడుకు వేగ మేల: పద్యానికి గుండెకాయ ఇదే. పొయ్యి అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది లీటరు నీళ్లు ఎన్ని నిమిషాల్లో మరుగుతాయన్న అంకె. ఆ అంకె పుట్టిన దేశాల్లో కొండమీద భోజనమంటే, ఎండబెట్టిన కూర పొట్లం చించి వేడినీళ్లు పోసి మూసిపెట్టడం. వారికి నీళ్లు మరిగితే వంటైపోయింది. మనకు నీళ్లు మరిగాక వంట మొదలవుతుంది. ఎసరు రెండు నిమిషాలు ముందు కాగినంత మాత్రాన మెతుకు ముందు ఉడకదు.

ఒదుగు సన్నని సెగ: బియ్యం పడి, నీళ్లు ఇంకుతూ, పైన చిన్న చిన్న గుంటలు పడే వేళ పొయ్యి జాతకం బయటపడుతుంది. సెగ తగ్గించాలి. మర తిప్పుతాం, మంట తగ్గదు. ఇంకా తిప్పుతాం, తగ్గదు. ఇంకో వెంట్రుకవాసి తిప్పగానే పుటుక్కున ఆరిపోతుంది. మళ్లీ వెలిగిస్తే మొదటి హోరే. ఇది ఒదగని సెగ. ఇంకొన్నింటి బర్నరు తల మరీ చిన్నది. గిన్నె నడుమ రూపాయి బిళ్లంత మేర మాడి నల్లబడుతుంది, అంచున బియ్యం పలుకుగానే మిగులుతుంది. పల్చటి టైటానియం గిన్నె దీనికి తోడైతే ఆ అన్నం కాకులకే. అందుకే దుకాణంలో అడగవలసింది నిమిషాల లెక్క కాదు. వెలిగించి, మర పూర్తిగా తగ్గించి చూపమనాలి. అరచేతిలో సగమంత వెడల్పున మంట నిలబడి, ఊదినా ఆరకుండా ఉంటే ఆ పొయ్యి కొనవచ్చు, బరువు యాభై గ్రాములు ఎక్కువైనా సరే.

బియ్యం అరగంట ముందు నానబెట్టడం, ముప్పావు వంతు ఉడికాక దింపి దుప్పటి చుట్టి పెట్టడం గ్యాసు మిగిల్చే మార్గాలు. పప్పు తినాలనిపిస్తే పెసరపప్పు. కందిపప్పు జోలికి పోవద్దు, అది డబ్బా తాగేస్తుంది.

యాత్రలందు: బహువచనం సాభిప్రాయం, ఎత్తును బట్టి విధి మారుతుంది గనుక. 300 మీటర్లు ఎక్కితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అరకులో తేడా తెలియదు. 4000 మీటర్ల మీద నీళ్లు 87 డిగ్రీల దగ్గరే తెర్లిపోతూ వంటవాణ్ణి మభ్యపెడతాయి. బియ్యం మాత్రం చలించదు. అక్కడ కుక్కరు ఉండాల్సిందే. కింద 120 డిగ్రీలు అందుకునే కుక్కరు ఆ ఎత్తున 114 దగ్గర ఆగుతుంది, అది చాలు. ఎంత చలైనా వంట గుడారం లోపల పెట్టరాదు. అన్ని పొయ్యిలూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి వాసన లేదు.

పాఠాంతరం

"యన్నమునకు" అనేచోట "యల్లమునకు" అని చాయ పక్షం వారి పాఠం. ఛందస్సు చెడదు. వారు పులిహోర ఇంటినుంచే కట్టుకొస్తారు, కొండమీద అల్లంచాయ కాస్తే చాలు. ఆ పాఠం ప్రకారం స్పిరిటు పొయ్యీ సరిపోతుంది, హెక్సమిన్ బిళ్లా సరిపోతుంది, ఈ వ్యాఖ్యానంలో సగం అనవసరం. అందువల్ల ఆ పాఠం అగ్రాహ్యం.

తాత్పర్యం

స్పష్టం. (వ్యాఖ్యాతలు చిక్కుపడ్డచోట రాసే మాట ఇది. ఇక్కడ మాత్రం నిజంగానే స్పష్టం.)

విశేషాలు

డబ్బా నెత్తిన కూర్చునే పొయ్యికి చుట్టూ రేకు అడ్డుపెట్టి గాలి ఆపకూడదు. వేడి డబ్బా మీదికే తిరుగుతుంది. పక్కన డబ్బా పెట్టుకునే బల్లపొయ్యి మీద వెడల్పాటి దోసెపెనం పెట్టడమూ అదే తప్పు. దోసెల కోసం ప్రాణాలిచ్చే జాతి కనుక ఇది విడిగా చెప్పవలసి వచ్చింది.

ఇన్ని చెప్పిన కవి అగ్గిపెట్టె మాటెత్తలేదేమని అడుగుతారు. అగ్గి-పెట్టె రెండు హగణాలు, రెండో పాదంలో హాయిగా ఇమిడేది. మరిచాడనడం అపచారం. సెగ అన్నప్పుడే అగ్గి ఆక్షిప్తమైంది, ఇది అర్థాపత్తి. అయితే పొయ్యికి అంటించి వచ్చే టక్కుటక్కు మీట ఎత్తు పెరిగేకొద్దీ మొరాయిస్తుందని కవి చెప్పకపోయినా వ్యాఖ్యాత చెప్పాలి. రెండు అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఒకటి మీ సంచిలో, రెండోది వంట రాదని చెప్పి తప్పించుకునే వాడి సంచిలో వేయండి.