వేలికి రంగు పట్టింపు!

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌ది మహా దొడ్డ మనసు. నల్లటి చర్మం కనబడితే చాలు, ఒంట్లో లేని ఆక్సిజన్‌ని కూడా ఉన్నట్టు చూపించేస్తుంది!

ఈ పక్షపాతం 1990లోనే వైద్య పత్రికలో అచ్చయింది. ముప్పై ఏళ్లు బీరువాలో నిద్రపోయింది.

2020లో కోవిడ్ వచ్చి లేపితే తేలిందేమిటంటే, అమెరికాలో ఈ యంత్రం పసిగట్టని ఆక్సిజన్ లోటు తెల్లజాతి రోగుల్లో కంటే నల్లజాతివారిలో దాదాపు 3 రెట్లు ఎక్కువ.

తప్పు యంత్రానిదా? పాపం, అది చదివిన బడి అలాంటిది. 10 మందిపై పరీక్షిస్తే 2 ముదురు రంగు చర్మాలుంటే చాలని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013 నాటి మార్గదర్శకం.

2021లో అదే ఎఫ్‌డీఏ హితవు: అంకె ఒక్కటే నమ్మకండి, రోగి లక్షణాలూ చూడండి.

ఆయాసపడుతున్న మనిషిని చూడటానికి అధికారికంగా అనుమతి వచ్చిందన్నమాట!