హోల్డాన్

ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి ప్రయాణమని చెప్పి తీసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో తెలుసా? పెళ్ళివంటల్లో చేయి తిరిగిన వంటాయన్ని బంతిలో కూర్చోబెట్టి చూడండి. విస్తట్లో ఏం వడ్డించినా ఆయన చూపు గాడిపొయ్యి మీదే ఉంటుంది.

మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి ఏప్రిల్ సెలవుల్లో పది రోజులకు మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నాడు. ఇంటికి చక్రాలు బిగించారనుకోండి. పొయ్యి, ఫ్రిజ్, సింకు, బాత్రూము, ఆరుగురికి పడకలు. మేం ఐదుగురం: అబ్బాయి, కోడలు, మూడేళ్ళ మనవడు, నేను, మా ఆవిడ. అద్దెకిచ్చినాయన బండి చుట్టూ తిప్పి చూపించి, ఎక్కడెక్కడ గీతలున్నాయో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, అబ్బాయి కార్డు మీద డిపాజిట్టు పట్టుకుని తాళాలు ఇచ్చాడు. బండి నాలుగున్నర టన్నుల లోపే కాబట్టి మామూలు కారు లైసెన్సు సరిపోతుందట. నా హెవీ లైసెన్సు సంగతి ఎవరూ అడగలేదు. అగ్రిమెంటులో డ్రైవర్లుగా రాసింది అబ్బాయి పేరు, కోడలి పేరు.

"నాన్నా, మీరు హాయిగా కూర్చోండి. ఇన్నేళ్ళు నడిపారు, ఇంకా చాల్లేదా?" అన్నాడు.

కూర్చున్నాను. కానీ ఎంతసేపని? అబ్బాయి బండి వెనక్కి తీయాల్సి వచ్చిన ప్రతిసారీ దిగి, వెనక నిలబడి, "రైట్... రైట్... రానీ... రానీ... హోల్డాన్!" అని అరిచేవాణ్ణి. బండి ఠక్కున ఆగేది. ఆ కేకకు పక్క బళ్ళలోని దొరలు కూడా తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. డ్రైవరుగా రిటైరైనవాణ్ణి కండక్టరుగా మళ్ళీ డ్యూటీలో చేరాను.

టార్కీ అనే ఊరి దగ్గర గ్రేట్ ఓషన్ రోడ్డు ఎక్కాం. 243 కిలోమీటర్లు. ఎడమపక్క సముద్రం, కుడిపక్క కొండ. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు మూడు వేల మంది దాకా, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా 1919 నుంచి 1932 వరకు పారలతో, గునపాలతో తవ్విన దారట అది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కించినవాణ్ణి, మలుపు విలువ నాకు తెలుసు. ఆ సైనికులకు మనసులోనే ఒక నమస్కారం పెట్టుకున్నాను. అబ్బాయి మాత్రం స్టీరింగును పిల్లి పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, అరవై దాటకుండా నడిపాడు. వెనక కార్ల వరస పెరిగినప్పుడల్లా "పక్కకు తీసి దారివ్వరా" అని నేను, "చూశాను నాన్నా" అని వాడు.

పన్నెండుమంది అపోస్తలులని పేరున్న రాతి స్తంభాల దగ్గర ఆగాం. నాకు తలకాయలు లెక్కపెట్టే అలవాటు కదా, లెక్కపెట్టాను. పన్నెండు లేవు. పేరు పెట్టిననాడే అన్ని లేవట, 2005 జూలైలో ఉన్నవాటిలో ఒకటి కూలిందట. మా లైనులో అయితే చెకింగ్ వాళ్ళు మెమో ఇచ్చేవాళ్ళు.

ఇంకాస్త ముందుకు వెళ్తే లండన్ బ్రిడ్జి. ఒకప్పుడు రెండు కమానులతో ఒడ్డుకు ఆనుకుని ఉండేదట. 1990 జనవరిలో ఒకరోజు ఇద్దరు దాని మీదుగా చివరిదాకా నడిచి వెళ్ళారు. వాళ్ళు అక్కడ ఉండగానే, వెనక ఒడ్డువైపు కమాను సముద్రంలోకి కూలిపోయింది. ముందు నీళ్ళు, వెనక నీళ్ళు. చివరికి హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. అబ్బాయి ఇదంతా బోర్డు చదివి చెబుతుంటే మా ఆవిడ కటకటాలు పట్టుకుని చాలాసేపు అటే చూసింది.

"వెళ్ళేటప్పుడు గట్టిగానే ఉండుంటుంది కదండీ" అంది.

"మరి? లేకపోతే ఎందుకు వెళ్తారు?" అన్నాను.

మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. మెల్‌బోర్న్‌లో ఉన్నన్నాళ్ళూ ప్రతి మంగళవారం మనవణ్ణి తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని దగ్గర్లోని లైబ్రరీకి తీసుకెళ్తుంది. అక్కడ చిన్నపిల్లలకు ఇంగ్లీషులో కథలు చదివి వినిపిస్తారు. వాడు చప్పట్లు కొడతాడు, ఈవిడ పక్కన కూర్చుంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మనిషికి ఆ యాసలో ఏం బోధపడుతుందో అని నేను నవ్వుకునేవాణ్ణి.

అక్కడినుంచి దక్షిణ ఆస్ట్రేలియాకు. ఆ రాష్ట్రంలోకి పళ్ళు, టమాటాలు, పచ్చిమిరపకాయలు తీసుకెళ్ళకూడదు. పండుఈగ వెంట వస్తుందని భయం. సరిహద్దు దగ్గర చెత్తబుట్టలు పెట్టి ఉంటాయి, అందులో పారేసి వెళ్ళాలి. మా ఆవిడ పారేస్తుందా? ముందురోజు రాత్రే ఉన్నవన్నీ పచ్చడి చేసేసింది. పచ్చడికి వీసా అక్కర్లేదు.

రోబ్ అనే చిన్న ఊళ్ళో సముద్రం ఒడ్డున ఒక స్మారకశిల చూశాం. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రేవుల్లో దిగే చైనావాళ్ళ మీద 1855లో తలకు పది పౌన్ల పన్ను వేశారట. ఆ పన్ను తప్పించుకోవడానికి పదహారు వేల మందికి పైగా ఇక్కడ ఓడలు దిగి, బంగారు గనుల దాకా దాదాపు 400 కిలోమీటర్లు కాలినడకన వెళ్ళారట. "వీసా తిప్పలు అప్పుడే మొదలయ్యాయన్నమాట" అన్నాను. అబ్బాయి నవ్వాడు. అలా నడిచి వెళ్ళినవాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడ ఉండిపోయారో ఆ రాయి మీద రాసి లేదు.

కింగ్‌స్టన్‌లో పదిహేడు మీటర్ల ఎత్తున్న లాబ్‌స్టర్ బొమ్మ కింద మనవడు గంటసేపు ఆడాడు. అక్కడినుంచి బండి లోపలి ఊళ్ళవైపు తిప్పాం. ఇక సముద్రం లేదు. కోతలైపోయిన గోధుమ చేలు, పది మైళ్ళకో ఊరు, ఊరికో గోధుమల గాదె. బ్రిమ్ అనే పల్లెలో ఆ కాంక్రీటు గాదెల మీద 2016లో ఒక చిత్రకారుడు నలుగురు రైతుల బొమ్మలు గీశాడు. ఆకాశమంత మనుషులు. ముఖాల్లో సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. వానకోసం చూసి చూసి అలవాటుపడ్డ ముఖాలు. వాళ్ళలో ఒకాయన అచ్చం మా నాన్నలా ఉన్నాడు.

ఆ రాత్రికి ఊరి పక్క వాగు ఒడ్డున బండి పెట్టుకున్నాం. చీకటి పడ్డాక ఊరి బయట నడపకూడదని అగ్రిమెంటులోనే ఉంది. కంగారూలు అడ్డమొస్తాయట. నేను చక్రం కింద చెక్క పెట్టించి, మరుగుదొడ్డి డబ్బా డంప్ పాయింట్‌లో ఖాళీ చేసి, కడిగి తెచ్చాను. అబ్బాయి సిగ్గుపడ్డాడు. డిపోలో పనిచేసినవాడికి అదెంత పనిరా అన్నాను.

మా పక్కనే ఒక పాత మోటర్‌హోమ్ ఉంది. అందులో ఒక ముసలాయన, ఒక ముసలావిడ. ఇద్దరికీ డెబ్భై దాటి ఉంటాయి. బండి ముందు పందిరి దింపి, రెండు కుర్చీలేసుకుని, గిన్నెలో తులసి మొక్కలాంటిదేదో పెంచుకుంటున్నారు. ఇల్లమ్మేసుకుని బండి కొనుక్కుని ఇలా దేశమంతా తిరిగే ముసలివాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారట. 'గ్రే నోమాడ్స్' అంటారని అబ్బాయి చెప్పాడు. నెరిసిన దేశదిమ్మరులన్నమాట.

నాకు గుండె తరుక్కుపోయింది. "పాపం, ఈ వయసులో ఇల్లూ వాకిలీ లేకుండా..." అన్నాను మా ఆవిడతో. ఆవిడ పలకలేదు.

సాయంత్రం టీకి పిలిచారు. వాళ్ళ యాస నాకు అందదు, నా ఇంగ్లీషు వాళ్ళకు అందదు. మధ్యలో అబ్బాయి. వాడు చెప్పిందాన్నిబట్టి, ఆవిడ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిందట. నేను కూడా బస్సే అని చెప్పించాను. ఆవిడ లేచి వచ్చి చేయి కలిపింది. ఇప్పుడూ బండి ఆవిడే నడుపుతుందట, ఆయన టీ పెడతాడట.

"పిల్లలెంతమందో అడుగు" అన్నాను.

ముగ్గురట. పెర్త్‌లో ఒకరు, బ్రిస్బేన్‌లో ఒకరు, టాస్మానియాలో ఒకరు.

"ముగ్గురుండి కూడా ఒక్కరూ పెట్టుకోలేదా?"

అబ్బాయి ఆ ప్రశ్నను కాస్త మెత్తబరిచి అడిగినట్టున్నాడు. ఆవిడ పకపకా నవ్వి చాలాసేపు చెప్పింది. "ఏడాదికోసారి ముగ్గురి దగ్గరికీ వెళ్తారట నాన్నా. వాళ్ళ గేటు ముందు బండి పెట్టుకుని, వీళ్ళ మంచం మీదే పడుకుంటారట. రెండు వారాలు. ఉండిపోమని పిల్లలు అంటుండగానే తాళం తిప్పేస్తారట."

నాకు నచ్చలేదు. మా గొప్ప కూడా చెప్పాలనిపించింది. "మనం కలిసే ఉంటామని చెప్పరా" అన్నాను.

అబద్ధం కాదుగా. రేపల్లెలో నాలుగు సెంట్లలో, ఆర్టీసీ ఉద్యోగుల సహకార పరపతి సంఘం (సీసీఎస్) లోను పెట్టి కట్టుకున్న ఇల్లు ఉండేది మాకు. రెండేళ్ళ కిందట అమ్మేశాం. మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనాలంటే ధరలో ఇరవై శాతం డిపాజిట్టు చేతిలో ఉండాలన్నారు అప్పట్లో. లేకపోతే బ్యాంకు తన భద్రతకు చేయించుకునే ఇన్సూరెన్సు ఖర్చు కూడా మన నెత్తినే వేస్తుందన్నారు. అబ్బాయి దగ్గర సగమే ఉంది. "తాళం వేసి ఉంచే ఇల్లు ఎందుకురా" అన్నది నేనే. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. చెట్టున ఉన్న మునక్కాయలన్నీ కోయించి వీధిలో ఇంటింటికీ పంచి వచ్చింది.

ఇప్పుడు వీసా ఉన్నన్నాళ్ళు ఇక్కడ, లేనన్నాళ్ళు హైదరాబాద్‌లో అమ్మాయి ఫ్లాటులో. ఇక్కడ మాకు ప్రత్యేకంగా గది ఉంది. అబ్బాయికి ఆఫీసు మీటింగులున్నప్పుడు మాత్రం హాల్లోకి వచ్చేస్తాం. రెండు సూట్‌కేసులు. లోటేమీ లేదు.

అబ్బాయి ఏం చెప్పాడో కానీ, ఇల్లు అమ్మిన సంగతి కూడా చెప్పినట్టున్నాడు. ఆ ముసలావిడ ముఖం వెలిగింది. మా ఆవిడ వైపు వంగి, చేయి పట్టుకుని ఏదో అడిగింది.

అబ్బాయి వెంటనే చెప్పలేదు. వంగి పిల్లాడి బూటు లేసు కట్టాడు. అది ఊడలేదు. తర్వాత తలెత్తి, "ఈ ఊరు నచ్చిందా అని అడుగుతోందమ్మా" అన్నాడు.

"చాలా నచ్చిందని చెప్పు నాన్నా" అంది మా ఆవిడ.

వాడు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆవిడ తలూపి, మా ఆవిడ చేతిని మరి కాసేపు వదలకుండా పట్టుకుంది.

రాత్రి పడుకున్నాం. అబ్బాయివాళ్ళు డ్రైవరు సీటు మీది అటక పడకలో, మేం వెనక. వాగులో కప్పలు అరుస్తున్నాయి. నాకు నిద్ర పట్టలేదు. "ఎంతైనా వాళ్ళది దిక్కులేని బతుకే" అన్నాను మెల్లగా.

"ఆవిడ ఊరు నచ్చిందా అని అడగలేదండీ" అంది మా ఆవిడ, ఇంకా మెల్లగా.

"మరి?"

"మేం ఇల్లమ్మి ఈ బండి కొనుక్కున్నాం, మీరు ఇల్లమ్మి ఏం కొనుక్కున్నారు అని అడిగింది."

పైన అటక మీద ఎవరో అటునుంచి ఇటు పొర్లారు.

"నీకెలా తెలుసు?"

"ఏడాదిన్నరగా మంగళవారం మంగళవారం వింటున్నాను. ఆ మాత్రం తెలియదా?"

"మరి వాడితో ఆ మాట అనలేదేం?"

"వాడు దాచుకోవాలనుకున్నాడు. దాచుకోనిచ్చాను."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరు హోల్డాన్ అన్నా బ్రేకు వేశాను. ఇల్లు అమ్మేటప్పుడు ఒకరైనా ఆ కేక వేస్తారేమోనని గుర్తు చేసుకుని చూశాను. వేయలేదు. వెయ్యాల్సిన మనిషి మునక్కాయలు పంచడానికి వెళ్ళింది.

"వాడు ఆ మాటే నిన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?" అన్నాను.

"పొద్దున్నే నీళ్ళ ట్యాంకు నింపాలన్నాడు, పడుకోండి" అని అటు తిరిగింది.

రెండు రోజుల తర్వాత మెల్‌బోర్న్‌లో బండి అప్పగించాం. అద్దెకిచ్చినాయన పాత కాగితం పట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. కొత్త గీత ఒక్కటీ లేదు. డీజిలు నిండుగా ఉంది. ఎలా తీసుకెళ్ళారో అలాగే తెచ్చారని మెచ్చుకుని, అబ్బాయికి డిపాజిట్టు మొత్తం అక్కడికక్కడే తిరిగిచ్చేశాడు.