ఖుర్సీపార్‌లో సుగర్ లేనోడెవడ్రా?

కొత్త మందుల ప్రయోగాలకి ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, నెలకి ఎందరు రోగులు చేరతారో ముందే లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. జోస్యమే, కాకపోతే ఎక్సెల్‌లో చెబుతాం. డాక్టర్లని అడిగితే "నెలకి యాభైమందా? అవలీలగా!" అంటారు. ఆ యాభైమందీ నిజంగానే ఉంటారు, రిజిస్టరు తెరిచేదాకా. తెరిచిన మర్నాటి నుంచి ఊరంతా ఆరోగ్యమే. లూయీ లసానియా అనే అమెరికా ఫార్మకాలజిస్టు ఈ మాయని ఎప్పుడో పసిగట్టాడు. లసానియా సూత్రమని ఆయన పేరే పెట్టేశారు.

2020లో ఐసీఎంఆర్ కోవిడ్‌కి ప్లాస్మా పనిచేస్తుందో లేదో తేల్చాలనుకుంది. 39 ఆసుపత్రులు కలిపితే 464 మంది చేరారు. చోటుకి పన్నెండుమంది! అదీ దేశమంతటికీ ఒకటే జబ్బు పట్టుకున్న రోజుల్లో.

ఈసారి నేను లెక్కగట్టాల్సింది సుగర్ మందుకి. ఊళ్ల జాబితాలో ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయ్ కూడా ఉందని నోరుజారాను. భిలాయ్ స్టీల్ ప్లాంటులో రిటైరైన మావయ్య వెంటనే కుర్చీ ముందుకు జరిపాడు.

"ఒరే, ఖుర్సీపార్‌లో సుగర్ లేనోడెవడ్రా? సెక్టర్-5 బాలాజీ గుడికాడ ఒక్క ఆదివారం కూకుంటే వందమందిని రాసిచ్చేస్తాను."

"అలా పట్టుకొచ్చి చేర్చకూడదు మావయ్యా. కాగితం చదివి, అర్థం చేసుకుని, ఇష్టపడి సంతకం పెట్టాలి."

"తెలుగులో ఇయ్యి, చదువుతారు."

"మీవాళ్లు తెలుగు మాట్లాడతారు. చదివేది హిందీ."

ఆయన దానికి జవాబివ్వలేదు. మనవడు పక్కనే ఉన్నాడు మరి.

షరతులు చదవడం మొదలెట్టాను. అరవై అయిదు దాటకూడదు. మావయ్య స్నేహబృందం మొత్తం అక్కడే రాలిపోయింది. మూడు నెలలుగా ఒకే మాత్ర, ఒకే మోతాదు వాడుతుండాలి. అయిపోయినప్పుడు పక్కింటాయన డబ్బాలోంచి అరువు తెచ్చుకునేవాళ్లు పోయారు. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలి. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాడికి పరగడుపు ఎప్పుడో వాడి పొట్టకే తెలీదు.

"ఇంకోటి. వాడుతున్న మందు మానరు గానీ, దానికి తోడు సగంమందికి కొత్తది, సగంమందికి ఉత్తి మాత్ర ఇస్తాం."

"ఉత్తిదా!" మావయ్య లేచి నిలబడ్డాడు. "సరేలే, మా తమ్ముడికి మాత్రం అసలుది పడేలా చూడు."

"ఎవరికేది పడిందో నాకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు. కంప్యూటరు పంచుతుంది."

"డాక్టరుకే తెలీని మందు నా మనుషులకా?"

న్యాయమైన ప్రశ్నే. డాక్టరుకి తెలిస్తే నయమైనట్టు ఆయనకే కనిపిస్తుందని, అందుకే రోగికీ డాక్టరుకీ ఇద్దరి కళ్లకీ గంతలని అరగంట చెప్పాను. మావయ్య తలూపాడు. ఊపినవాళ్లంతా వస్తారనుకుంటే నా ఉద్యోగం ఉండదు.

వందని తొక్కి తొక్కి ఎనిమిదికి దించాను. మా పై అధికారి ఫోన్ చేశాడు. "అంత పెద్ద స్టీల్ టౌన్‌లో ఎనిమిదేనా?"

వంటింట్లోంచి అత్త కేకేసింది: "ఆ ఎనిమిదిలో మీ మావయ్య తమ్ముణ్ణి వెయ్యకురా. ఏప్రిల్ రాగానే దుర్గ్‌లో విశాఖ రైలెక్కి బొబ్బిలి పోతాడు. మళ్లీ వచ్చేది మావిడిపళ్లు అయిపోయాకే."

ఏడు అని దిద్దాను.