బిడ్డ లివరుకు కొవ్వు పట్టించడమెలా?

ముందు ఇంట్లోంచి రాగిపిండి డబ్బా ఎత్తేయండి. రాయకోట చుట్టుపక్కల చేలల్లో రాగులు పండించేది మనమే కావచ్చు, సంగటి తినే మన అవ్వాతాతలు కొండలెక్కి ఉండవచ్చు. అయినా అది లేనోళ్ల తిండి అని బిడ్డకు చిన్నప్పుడే నూరిపోయాలి. అనపగింజల సారు, పితికిపప్పు కూడా అంతే. పొద్దున క్రీము బిస్కెట్లు, బడి డబ్బాలో నూడుల్స్, సాయంత్రం బేకరీ పఫ్ పెడితే ఇల్లు కాస్త హోసూరు అపార్టుమెంటులా కనిపిస్తుంది.

మామిడి దగ్గర మాత్రం తెలివి కావాలి. కాయను కొరికి తింటే నమలాలి, పీచు ఉంటుంది, కడుపు త్వరగా నిండుతుంది. మన పనికి అది అడ్డు. కాబట్టి మన తోటలోని బెంగళూరా కాయను గుజ్జు ఫ్యాక్టరీకి పంపేసి, దానికి నీళ్లూ చక్కెరా చేరాక సీసాలో మళ్లీ కొనండి. లేదంటే నల్ల కూల్‌డ్రింకు ఉండనే ఉంది. వంద మిల్లీలీటర్లకు పది గ్రాముల చక్కెర వేసుకున్నా, 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు. రెండేళ్లు దాటిన పిల్లలకు పైనుంచి కలిపిన చక్కెర రోజు మొత్తానికి అంతకు మించకూడదని అమెరికా గుండె వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఒక్క గుక్కలో కోటా పూర్తి! అందులో సుమారు సగం ఫ్రక్టోజు. దాని భారం ఎక్కువగా మోసేది లివరే. మోయలేనంత వస్తే కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుంది.

మెడ వెనక చర్మం నల్లబడి మందమైతే మురికి అని తేల్చేయండి. నిమ్మచెక్క, శనగపిండి, పీచు, ఏది దొరికితే దాంతో రుద్దండి. ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లడం లేదనీ, అందుకే అది మరింత ఊరుతోందనీ ఆ నలుపు చెబుతుందని డాక్టర్లు అంటారు. వాళ్లకేం, సున్నిపిండి అమ్ముకునే పని లేదు. బిడ్డ ఏడ్చినా, చర్మం మండినా ఆపకండి. పెళ్లికి వెళ్లాల్సి వస్తే పౌడరు వేయండి. బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే దిష్టి తీయండి, బరువు మాత్రం తూచకండి.

నొప్పి లేదు కదా అన్నది మీ చేతిలో గొప్ప ఆయుధం. కొవ్వు పేరుకుంటున్నా చాలామంది పిల్లలకు ఏ బాధా తెలియదు. కొందరిలో అది వాపుగా, ఆ తర్వాత మచ్చలుగా మారి లివరును గట్టిపరుస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లలకు 9–11 ఏళ్ల మధ్య ఏఎల్‌టీ రక్తపరీక్ష చేయించాలని ఉత్తర అమెరికా పిల్లల లివరు వైద్యులు 2017లో సూచించారు. సూది అంటే బిడ్డకు భయం, కాబట్టి వద్దు. "లివరు చెడేది తాగుబోతులకు కదా!" అని ఇంట్లో ఎవరో ఒక పెద్దాయన అంటాడు, ఆయన మాటే పట్టుకోండి. తాగనివాళ్ల లివరు కూడా అలాగే చెడుతుందని 1980లోనే లుడ్విగ్ అనే వైద్యుడి బృందం రాసింది, మూడేళ్లకు పిల్లల్లోనూ కనిపించింది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2022లో లెక్క తీస్తే ఊబకాయం ఉన్న పిల్లల్లో సుమారు 63 శాతం మందికి కొవ్వు లివరు తేలింది, లేనివాళ్లలో 12 శాతం. అందరికీ ఉన్నదే మనవాడికీ ఉందని నిశ్చింతగా ఉండండి.

రాయకోట కొండ ఎక్కనివ్వకండి. 1791లో ఇంగ్లీషువాళ్లకు టిప్పు కోట పట్టుకోవాల్సిన పని ఉండి ఎక్కారు. మనవాడికి కిందనుంచి సెల్ఫీ చాలు.

పిల్లల్లో ఈ జబ్బుకంటూ ఆమోదం పొందిన మందు లేదు. అందుకే నేలఉసిరి పసరు మొదలుకొని లివరు టానిక్కు దాకా అన్నీ పోయవచ్చు.

అయినా పత్యం పెట్టాల్సిందేనని పట్టుదల వస్తే వాడొక్కడికే పెట్టండి. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 40 మంది అబ్బాయిలను తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు కలిపిన చక్కెర దాదాపు మాన్పించారు. వాళ్ల లివరులో కొవ్వు 25 శాతం నుంచి 17కు దిగింది. అయితే అక్కడ ఇంటిల్లిపాదీ అదే తిండి తిన్నారు. మనకెందుకా తిప్పలు? టీవీ ముందు తాతకు మిక్చరు, నాన్నకు బజ్జీ, అక్కకు ఐస్‌క్రీము ఇచ్చి, వాడి చేతిలో మాత్రం కీరా ముక్కలు పెట్టండి. రెండ్రోజుల్లో చాటుగా ఫ్రిజ్ తెరుస్తాడు. అప్పుడు వచ్చిన చుట్టాలందరి ముందూ "వీడికి నోరు కట్టుకోవడం చేతకాదు" అని చెప్పండి, వాడికి వినిపించేలా.