సాయంత్రం విమానం, పొద్దున్నే చుట్టం

సాయంత్రం పూట బయల్దేరే విమానాలన్నిటినీ రద్దు చేయమని అర్జీ పెట్టుకోవాలంటే ఏ ఆఫీసుకి వెళ్లాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. కాగితం ఖర్చు నాది. అర్ధరాత్రి ఎగిరే విమానాలతో నాకు పేచీ లేదు. వాటికి వెళ్లేవాళ్లు భోజనాల వేళకి వచ్చి, రెండు ముద్దలు తిని, ఆవులిస్తూ వెళ్లిపోతారు. తెల్లవారుజాము విమానాలు మరీ పుణ్యాత్ములు. నా గొడవంతా ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య శంషాబాదులో లేచే విమానాలతోనే. పొద్దున్నే రైలు దిగిన మనిషిని సాయంత్రం దాకా హైదరాబాదులో వదిలేసి, ఆ పూట భారమంతా మెహిదీపట్నంలో కాపురముంటున్న ఒక గృహస్థు నెత్తిన పెట్టే అధికారం వాటికి ఎవరిచ్చారు?

విమానాశ్రయం బేగంపేటలో ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు. సికింద్రాబాదులో రైలు దిగినవాళ్లు ఆటో ఎక్కితే చాలు, నా ప్రమేయం లేకుండానే ఎగిరిపోయేవారు. 2008 మార్చిలో అది శంషాబాదు తరలిపోయింది. దూరం పోయింది కదా, ఇక మా ఇంటి వంక ఎవరూ చూడరని మురిసిపోయాను. మరుసటేడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే కట్టారు. కట్టినవాళ్లు ఊరుకోకుండా దాని మొదలు తెచ్చి మా ఇంటికి కూతవేటు దూరంలో పెట్టారు. ఆ రోజు నుంచి మా ఇల్లు 'ఎయిర్‌పోర్టు దారిలోనే' ఉంది. ఇంటి విలువ పెరుగుతుందన్నారు తెలిసినవాళ్లు. నాకు కనిపించినంతలో చుట్టరికాలు పెరిగాయి.

శంషాబాదుకి మెట్రో రైలు లేదు. పుష్పక్ అని ఆర్టీసీ బస్సులున్నాయి. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని పురాణాల్లో పుష్పకానికి పేరు. మావాళ్ల లెక్కలో ఆ మహిమ బస్సుకి లేదు, నా కారుకుంది.

ఈ వేసవి సెలవుల్లో మా ఆవిడ పెద్దమ్మ కొడుకు కాకినాడ నుంచి ఫోన్ చేశాడు. "బావగారూ, మీకేం శ్రమ పెట్టమండీ. పొద్దున్నే గౌతమి దిగుతాం, సాయంత్రం ఏడున్నరకి పుణె ఫ్లైటు. మధ్యలో అలా ఊరు చూసేసి వెళ్లిపోతాం" అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపు మా ఆవిడ ఫోన్ లాక్కుని "శ్రమేముందిరా, రండి రండి" అనేసింది. పొద్దుటి ఫ్లైటు కంటే సాయంత్రం ఫ్లైటుకి టికెట్టు చవకట. నలుగురికీ కలిపి ఎంత మిగిలిందో పైసలతో సహా లెక్క చెప్పాడు. నా పెట్రోలూ, ఆఫీసులో నేను పెట్టుకోబోయే సెలవూ ఆ లెక్కలోకి రాలేదు.

అన్నట్టే దిగారు. మా బావమరిది, అతని భార్య, ఎనిమిదేళ్ల కొడుకు, అత్తయ్యగారు, వీళ్లతోపాటు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. టాంక్‌బండ్ మీదుగా వస్తూ "అదిగో, బుద్ధుడు" అన్నాను. నలుగురూ నిద్రపోతున్నారు. హుస్సేన్‌సాగర్ మధ్యన ఆయనా కదల్లేదు, కారులో వీళ్లూ కదల్లేదు.

ఇంటికొచ్చి స్నానాలవగానే బావమరిది కాగితం, కలం అడిగాడు. అతను కార్యక్రమం వేసే పద్ధతి చూసి తీరాలి. ఏడున్నరకి ఫ్లైటు. గంట ముందే బ్యాగులు తీసుకోవడం ఆపేస్తారు కాబట్టి ఆరున్నర. అక్కడ లైనుంటుంది కాబట్టి ఆరు. దారిలో ట్రాఫిక్కుంటుంది, ఐదు. టైరు పంక్చరైతే? నాలుగున్నర. అమ్మ మెల్లగా నడుస్తుంది, నాలుగు. ఇలా వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఇప్పుడే ఎయిర్‌పోర్టుకి బయల్దేరడం క్షేమం అన్నచోట ఆగాడు. అప్పటికి టైము ఎనిమిది. ఇడ్లీలు ఇంకా పాత్రలోనే ఉన్నాయి.

మళ్లీ ఇంటికి రావాల్సిన పని లేకుండా సామానంతా డిక్కీలో వేశాం. పెట్టె మాత్రం డిక్కీలోకి వద్దన్నారు. పూతరేకులు నలగకూడదు, వాటికి ఎండ తగలకూడదు, వాటి మీద ఇంకేదీ పెట్టకూడదు. అందుకని ముందు సీట్లో బావమరిది ఒళ్లో ఆ పెట్టె కూర్చుంది. ఏసీ గాలి దానివైపే తిప్పారు. ముగ్గురు మనుషులు వెనక చెమటలు తుడుచుకుంటూ దాని క్షేమం అడుగుతూ వచ్చారు.

మొదట గోల్కొండ. ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే అంత పైనున్న బాలా హిస్సారులో వినిపిస్తుందని అందరికీ తెలిసిందే. గుమ్మంలోకి మనుషులొస్తున్నారని పైవాళ్లకి ముందే తెలియడానికి సుల్తానులు చేసుకున్న ఏర్పాటది. ఇల్లు కట్టించేటప్పుడు మా మేస్త్రీకి ఆ విద్య తెలిస్తే ఎంత బాగుండేది! మావాళ్లూ చప్పట్లు కొట్టారు, పిల్లాడైతే అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. వినిపించిందో లేదో చెప్పడానికి పైన మన మనిషి ఉండాలి కదా. పైకి మూడొందల అరవై మెట్లన్నాను. బావమరిది వాచీ చూసుకుని "కింద నుంచి బాగానే కనిపిస్తోందండీ" అన్నాడు. రామదాసు చెర చూడాలని అత్తయ్యగారు కాకినాడలో బయల్దేరినప్పటి నుంచీ అంటున్నారట. అదీ పైనే. "అంతసేపు ఎక్కడుందమ్మా" అన్నాడు కొడుకు. భద్రాద్రి గుడికి ఖజానా సొమ్ము ఖర్చుపెట్టి, తానీషా చెరలో పన్నెండేళ్లు ఉన్న మహానుభావుడికి ఆవిడ మెట్ల మొదట్లో నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. పెట్టుకుంటూ ఉండగానే అవతల కారు తలుపు తీశారు.

సాలార్‌జంగ్ మ్యూజియంకి చేరేసరికి పదకొండున్నర దాటింది. పెట్టెని సామాన్ల కౌంటరులో ఇచ్చి టోకెన్ తీసుకున్నాం. బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు ఎవరైనా కాస్త ఆగుతారు. చలువరాతిలో ముసుగు, ఆ ముసుగు వెనక ముఖం, రెండూ ఒకే రాయి అని మనసు ఒప్పుకోవడానికైనా రెండు నిమిషాలు పడుతుంది. మా బావమరిది భార్య ఆగింది, నిజమే, టోకెన్ చీరచెంగున ముడివేసుకోవడానికి.

ఇక ఆ గడియారం. గంట గంటకీ గడ్డం బొమ్మ ఒకటి లోపల్నుంచి నడిచొచ్చి గంట కొట్టి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, దానికోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. మావాళ్లూ కూర్చున్నారు. పొద్దుటి నుంచీ టైము చూసి హడలిపోతున్న మనుషులు, టైము చూడటమే వినోదంగా ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు ముచ్చటేసింది. బొమ్మ వచ్చింది, కొట్టింది, పిల్లలు కేరింతలు కొట్టారు. బావమరిది తన వాచీ, గడియారం మార్చి మార్చి చూసి, "బావగారూ, నాది రెండు నిమిషాలు వెనకుంది, పదండి పదండి" అని లేచాడు. మ్యూజియంలో తక్కిన గదులన్నీ నడకలో అయిపోయాయి.

మధ్యాహ్న భోజనం గురించి చెప్పను. ముగ్గురికి బిర్యానీ, అత్తయ్యగారికి కారులో పెరుగన్నం, నాకు బిల్లు.

చార్మినారు దాకా కార్లు పోనివ్వరు. ఎక్కడో సందులో ఆపాను. డిక్కీ నిండా సామాను, ముందు సీట్లో పెట్టె, మే నెల ఎండ. "అన్నయ్యగారూ, మీరు ఎప్పుడూ చూసేదే కదా, ఏసీ వేసుకుని ఇక్కడే ఉండండి, పాపం మీరెందుకు ఎండలో" అంది బావమరిది భార్య. ఎప్పుడూ చూసేదేనట! 1591లో కట్టిన ఆ కట్టడంలో పైకి 149 మెట్లున్నాయని చదివి తెలుసుకోవడమే తప్ప, నాకు అందులో ఒక్క మెట్టు ముఖపరిచయం లేదు. ఎప్పుడొచ్చినా ఇలా ఎవరివో సూట్‌కేసులకి కాపలాగానే వస్తాను. అదే సందులో, అదే గోడ పక్కన, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఒక పూతరేకుల పెట్టెకి చల్లగాలి పట్టించాను. పావుగంటన్నవాళ్లు లాడ్‌బజారులో గాజుల బేరం తెమిలేసరికి గంటన్నర చేశారు. అంతసేపూ పంక్చరూ ట్రాఫిక్కూ ఎవరికీ గుర్తురాలేదు. చార్మినారు ఎక్కారా అని అడిగితే, "దాని ముందు ఫొటో దిగామండీ" అన్నాడు.

అప్పుడు మొదలైంది కంగారు. బహదూర్‌పురాలో జూపార్కు గేటు చూసి పిల్లాడు పులి కావాలని లంకించుకున్నాడు. "వచ్చేటప్పుడు చూద్దాంరా నాన్నా" అన్నాడు తండ్రి. ఆ మాట నా చెవిన పడకపోలేదు. అడిగేంత తీరిక లేక ఆరాంఘర్ దాకా హారను కొడుతూ పోనిచ్చాను. అక్కడ బావమరిది ఫోన్‌కి మెసేజీ వచ్చింది. విమానం తొమ్మిదింటికట. కారులో ఒక నిమిషం నిశ్శబ్దం. "ముందే చెప్తే రామదాసు చెర చూసేవాళ్లం కదరా" అన్నారు అత్తయ్యగారు. ఆ రోజంతటిలో న్యాయమైన మాట అదొక్కటే, అందుకే ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎయిర్‌పోర్టు దగ్గర కొక్కెం తూకంతో బ్యాగులు తూచుకున్నారు. మనిషికి పదిహేను కిలోలే, గాజులు పైకి తేలాయి. ఒక సంచీ తీసి నా డిక్కీలోనే ఉంచేశారు. "వచ్చేటప్పుడు పట్టుకెళ్తాం బావగారూ. పుణె నుంచి పొద్దున ఫ్లైటు, ఇక్కడ రాత్రి గౌతమి. మధ్యలో పగలంతా ఖాళీయే" అన్నాడు. పూతరేకుల పెట్టె వాళ్లతో లోపలికి వెళ్లిపోయింది. మూత తీసి చూపించను కూడా లేదు.

వాళ్లు తిరిగొచ్చేది సోమవారం. పులిని చూస్తానని పిల్లాడు పుణె నుంచి రోజూ మా ఆవిడకి ఫోన్ చేస్తున్నాడు. సోమవారం జూకి సెలవు. నేను ఇంతవరకూ నోరు విప్పలేదు. తెలిస్తే టికెట్లు ఆదివారానికి మార్చుకుంటారు, ఆదివారమైతే ఆఫీసుందని చెప్పే వీలు నాకుండదు.