అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు!

ముహూర్తాల సీజన్‌లో పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని మించిన దేవుడు లేడు. విష్ణుమూర్తి పది అవతారాలెత్తడానికి యుగాలు తీసుకున్నాడు. ఈయన ఒకే లగ్నానికి మూడు మండపాల్లో ప్రత్యక్షమవుతానని మాటిచ్చి, మూడుచోట్లా అడ్వాన్సు తీసుకుంటాడు. తీరా జీలకర్ర-బెల్లం వేళకు ఫోన్ స్విచాఫ్. అదృష్టం బాగుంటే తలంబ్రాలయ్యాక ఓ కుర్రాడొచ్చి, భోజనాలెక్కడని అడుగుతాడు. చాలాచోట్ల ఆ కుర్రాడూ రాడు.

మర్నాడు డబ్బడిగితే కొటేషన్ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపిస్తారు: అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. పెళ్లి మనం మానుకుంటే ఆ మాటకు కాస్త అర్థముంది. తానే ఎగ్గొట్టినవాడికీ అదే కవచమట! అంటే, రానందుకు కూడా కూలి. మరీ దయామయులైతే "మీ బాబు బారసాల ఫ్రీగా తీస్తాం లెండి" అంటారు, నిన్న పెళ్లయిన జంటతో.

1872 నాటి కాంట్రాక్టు చట్టానికి పాపం ఈ చీమ అక్షరాలు ఆనలేదు. ఒప్పందం తప్పినవాడు అవతలివాడి నష్టం కట్టాలని 73వ సెక్షన్‌లో రాసేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మరీ అన్యాయం: రాకపోవడం సేవాలోపమట, బిల్లివ్వకపోవడం అనుచిత వ్యాపారమట! వాపసుతో పాటు పరిహారమూ అడగొచ్చు. రెండేళ్లలోపు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించింది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. మామూలు కేసు మూడు నెలల్లో తేల్చాలనీ ఉంది. వాయిదాలకు మాత్రం చట్టం చదివే తీరిక ఉండదు. పోలీసుల దగ్గరికి పరిగెడితే, మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశమేనని చూపించమంటారు. అది కష్టం.

ఇన్ని దారులున్నా ఎవరూ కదలరేం? "శుభమా అని పెళ్లి చేసుకుని కోర్టు మెట్లెక్కుతారా?" అని అడ్డుపడే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు. విచారిస్తే, "మనవాడే, రశీదెందుకు?" అని ఆ ఫొటోగ్రాఫర్‌ని కుదిర్చిందీ ఆయనే.

కాబట్టి కన్యాదాతలారా, చేతికి నోట్లివ్వకండి, యూపీఐలో పంపండి. తేదీ, వేళ, ఎవరొచ్చేది, రాకపోతే ఎంత తిరిగిచ్చేది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. అయినా ఎగ్గొడితే ముందు నోటీసివ్వండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఆపైన కమిషన్‌కు వెళ్లండి. పెద్దమనిషిని సాక్షిగా పిలిపించడం మరవకండి.