తోట ఆరాధనకు నన్ను పిలిచారు

నేను హార్మోనియం పెట్టెను. గుండ్లకమ్మ ఒడ్డు పల్లెలో ఒక బాప్టిస్టు సంఘం నన్ను కొనుక్కుంది. మా పెద్దలు ఐరోపాలో కాళ్లతో తొక్కితే పలికేవాళ్లు. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి ఊదే పద్ధతి తెచ్చాక, మేం చాపమీద కూర్చున్నవాళ్ల ముందుకు వచ్చాం. ఇత్తడి రీడ్లు, చెక్క, తోలు – నా ఒళ్లు ఇంతే. కరెంటు అక్కర్లేదు. అందుకే బయటి ఆరాధనకు నేను తగినదాన్ని.

ఆరుబయట ఆరాధన ఈ సీమకు కొత్త కాదు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే, మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ జనం ఏ గుడిలో పట్టేవారు?

నా కాలానికి పేటలో వేపచెట్టు కింద సాయంత్రం కూటాలు జరిగేవి. నన్ను వాయించే పెద్దాయన పొలంనుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకునేవాడు. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆయనకు ఆ అచ్చుతో పని లేదు. ముసలమ్మలు చరణం అందుకునేవారు, పిల్లలు నా మెట్లమీద వేళ్లు పెట్టేవారు, ఆయన కసిరేవాడు కాదు. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు మా జాతిని గడప తొక్కనివ్వలేదని తెలిసినా నాకు పెద్దగా బాధ లేకపోయింది. పల్లెలు మమ్మల్ని వదల్లేదు కదా.

పెద్దాయన పోయాడు. తర్వాత కీబోర్డు, దానితో పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. నన్ను ముందు బీరువామీద పెట్టారు, తర్వాత వెనక గదిలోకి తోశారు. విరిగిన కుర్చీలు, క్రిస్మస్ స్టారు చట్రాలు, సగం వాడిన సున్నం సంచి నామీదే. ఎలుకలు తిత్తి తోలు కొరికాయి. వానాకాలం పైకప్పు కారి చెక్క ఉబ్బింది, కొన్ని మెట్లు నొక్కితే లేవడం మానేశాయి. వీటిని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటి ఉంది. ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయేది. పాట ఆగిపోయేది. జనరేటరు కోసం అందరూ చూస్తూ కూర్చునేవారు. గోడకు ఇవతలే నేనున్నానని ఎవరికీ గుర్తు రాలేదు.

ఈస్టరు వేకువ ఆరాధన మామిడితోటలో చేద్దామని సండే స్కూలు టీచరమ్మ అడిగినప్పుడు, తోటలో జనరేటరు మోత పెడితే వాక్యం ఎలా వినపడుతుందన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు నన్ను బయటికి తీశారు. పద్యనాటకాలకు వాయించే ఒకాయన తిత్తికి కొత్త తోలు అంటించి, రీడ్లు శుభ్రం చేశాడు.

టీచరమ్మ పథకం నాకు నచ్చింది. పెద్దలకో కార్యక్రమం, పిల్లలకు పక్కన ఆటలు అనే విభజన ఆమె చేయలేదు. పండక్కి చాలాముందే చీకటితో తోటకు వెళ్లి, ఎండ ఎటునుంచి పడుతుందో, నేల ఎక్కడ చదునో చూసి వచ్చింది. ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్లు కట్టిన చెట్ల కింద చాపలు వద్దంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు కుర్చీలు బాటపక్కనే వేయించింది. చంటిపిల్లల తల్లులు కొమ్మకు చీర ఊయల కట్టుకోవడానికి ఒక చెట్టు విడిచిపెట్టింది. ఈస్టరు పున్నమి దాటాక వచ్చే ఆదివారం కాబట్టి మబ్బు లేకపోతే వేకువన వెన్నెల ఉంటుంది, లైట్ల తీగలు లాగొద్దంది.

ఈస్టరు వేకువన ఆరాధన చెట్టునుంచి చెట్టుకు సాగింది. మొదటి చెట్టు గెత్సేమనే. అక్కడ యువకులు మౌనంగా మోకరించారు. రెండో చెట్టు దగ్గర పిల్లలు ఎండుకొమ్మలు రెండు పురికొసతో కట్టి సిలువ నిలబెట్టారు. గట్టు దగ్గర రాళ్లతో సమాధి. యోహాను సువార్తలో ఇద్దరు శిష్యులు సమాధికి పరుగెత్తుతారు, పేతురుకంటే రెండోవాడు ముందు చేరుతాడు. పిల్లల్ని పరుగెత్తనిచ్చి, తాతల్ని మెల్లగా రమ్మని, అందరూ చేరేదాకా టీచరమ్మ వాక్యం మొదలుపెట్టలేదు. ఆరాధనలో పరుగేమిటని ఒకరు గొణిగారు. వాక్యంలోనే ఉన్న పరుగును ఆపడానికి మనమెవరం?

తోట కాపరిని పక్కకు వెళ్లమని ఎవరో అన్నారు. "ఉండనీయండి అన్నా, మగ్దలేనే మరియ ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. ఈయన లేకుండా ఈ కథ ఎలా చదువుతాం?" అంది టీచరమ్మ. ఆయన తలపాగా సవరించుకుని మా దగ్గరే నిలబడ్డాడు. నేను శ్రుతి ఇచ్చాను. మైకు లేదు గనక, పక్కవాడి గొంతు పక్కవాడికి వినపడింది. పాట తెలిసిన ముసలమ్మ వెంట, తెలియని పిల్లలు పదం పదం పట్టుకున్నారు.

మంద్రంలో రెండు మెట్లు ఇంకా పలకడం లేదు. వాటి రీడ్లు మార్పించాలని టీచరమ్మ తన నోటుపుస్తకంలో రాసుకుంది. కోతల పండుగ ఆరాధన పొలంగట్టున చేస్తారట. అప్పటికి ఆ రీడ్లు వేయించాలి, మంచు పడకుండా కప్పడానికి నాకొక మందపాటి గుడ్డ కుట్టించాలి.